దిగుడు బావుల సీమలో ఒక పగలు

అహ్మదాబాదు చూడబోయినవారు సాధారణంగా సబర్మతీ ఆశ్రమము, పాత నగరంలోని మసీదులు, ఒకటి రెండు చీరల దుకాణాలు చూసుకొని తిరుగు రైలెక్కుతారు. నగరానికి ఉత్తరంగా ఉన్న పల్లెసీమకు ఒక పగలు కేటాయించేవారు తక్కువ. 2024 జనవరిలో ఎల్.టి.సి. సౌకర్యంపై గుజరాత్ వెళ్ళిన మేము ఆ పని చేశాము. మేము అనగా మేమిద్దరము దంపతులము, మా శ్రీమతి అక్కగారు.

యాత్రాబస్సులో సీట్లు చవకగానే దొరుకుతాయి. కాని వదినగారికి మోకాళ్ళ నొప్పులు. ఇరవై నిమిషాలలో చూసి వచ్చి ఎక్కండి అనే బస్సువారి పద్ధతి ఆమెకు సరిపడదు. అందుచేత విడిగా ఒక కారు, ఒక గైడు మాట్లాడుకున్నాము. ఖర్చు ఎక్కువే. ముగ్గురము పంచుకుంటే భరించదగినదిగానే తోచింది. గైడుగా వచ్చిన యువకుడు చరిత్రలో ఎం.ఏ. చదివినవాడు, మెహసాణా జిల్లాలో రైతు కుటుంబం. మమ్ములను "సర్" అని, మా శ్రీమతిని "బెన్" అని, వదినగారిని "మాసీ" అని పిలిచేవాడు. హిందీ నిదానంగా, మాకు అర్థమయ్యేటట్లు మాట్లాడేవాడు. ఉదయం ఆరున్నరకు బయలుదేరాము.

మొదటి మజిలీ అడాలజ్. నగరం నుండి సుమారు 18 కిలోమీటర్లు. అక్కడి దిగుడు బావి 1499 నాటిదని అందులోని సంస్కృత శాసనం తెలుపుతున్నది. వాఘేలా వంశపు రాణి రూడాబాయి పేరు, అప్పటి సుల్తాను మహమూద్ బేగడా పేరు రెండూ దానితో ముడిపడి ఉన్నాయి. ఇద్దరి చుట్టూ అల్లిన విషాదకథను గైడు రక్తి కట్టించి చెప్పాడు గాని, మాకు కథకంటె కట్టడమే ఆసక్తి కలిగించింది. మూడు వైపుల నుండి వచ్చే మెట్లు ఒక వేదికపై కలుస్తాయి. అక్కడి నుండి ఒకే వరుసగా ఐదు అంతస్తులు క్రిందికి దిగుతాయి. దిగేకొద్దీ వెలుతురు తగ్గి, చల్లదనం పెరుగుతుంది. ప్రతి అంతస్తులోను స్తంభాలకు అడ్డంగా వేసిన రాతి దూలాలు ఇరుప్రక్కల గోడలను ఒకదానిపై ఒకటి ఒరగకుండా ఆపుతున్నాయి. లోతైన తవ్వకంలో నేడు మేము ఉక్కు దూలాలతో చేసే పని అదే. వారు ఆ దూలాలకు శిల్పాలు కూడా చెక్కారు, అంతే భేదం.

మన ప్రాంతంలోనూ దిగుడు బావులు ఉన్నాయి. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్ల బావిని బాగుచేసి 2022లో తిరిగి తెరిచారు. అయితే దిగుడు బావి ఎందుకు కట్టారో అడాలజ్‌లో నిలబడినప్పుడు బాగా తెలుస్తుంది. ఆ సీమలో భూగర్భజలం వర్షాకాలంలో పైకి వస్తుంది, వేసవిలో దిగిపోతుంది. నీరు ఏ మట్టంలో ఉంటే అక్కడికి మనిషి నడిచి వెళ్ళడానికి ఏర్పాటు చేసిన మెట్లవి. కడవ ముంచుకున్నవారు చల్లగా ఉన్నదని కాసేపు కూర్చునేవారు, బాటసారులు పడుకునేవారు.

అడాలజ్ దగ్గరనే నర్మదా ప్రధాన కాలువ కనిపిస్తుంది. గుజరాత్‌లో 458 కిలోమీటర్లు ప్రయాణించి రాజస్థాన్ సరిహద్దు చేరే కాలువ అది. మొదట్లో దాని ప్రవాహ సామర్థ్యం సెకనుకు 1133 ఘనపు మీటర్లు. వంతెన మీద కారు ఆపించి చూశాము. "ఈ నీరు మీ ఊరికి వస్తుందా?" అని అడిగాము. "తాగడానికి పైపులో వస్తుంది సర్. పొలానికి రాదు. మా ఊరు కాలువకు ఎగువ ప్రక్కన ఉంది" అన్నాడు. వాలు మీద పారే కాలువ దిగువ ప్రక్కకే నీరిస్తుంది. ఎగువ ప్రక్కవారు తమ కళ్ళ ముందు నిండుగా పారే నీటిని చూస్తూ బోరు మీద ఆధారపడవలసిందే.

మెహసాణా వైపు రోడ్డు బాగున్నది. ఇరుప్రక్కల ఆముదం చేలు, పసుపు పూలతో ఆవ చేలు, నేలకు అంటుకొని జీలకర్ర. మధ్య మధ్య పొలాలలో తల ఎత్తుతూ దించుతూ చమురు తోడే యంత్రాలు. ఓ.ఎన్.జి.సి. వారి మెహసాణా క్షేత్రంలో దొరికేది చాలావరకు చిక్కని చమురు. దానిని కదిలించడానికి బలోల్, సంథాల్ క్షేత్రాలలో భూమి లోపలనే కొంత చమురును మండించే పద్ధతిని వాడుతున్నారు. మేము ఈ సంగతి ఉత్సాహంగా వివరిస్తుండగా వెనుక సీటులో అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ నిద్రపోయారు.

మొధేరా సూర్య దేవాలయం అహ్మదాబాదుకు దాదాపు 100 కిలోమీటర్లు. చాళుక్య వంశానికి చెందిన మొదటి భీమదేవుని కాలంలో, 1026-27 ప్రాంతంలో కట్టినది. ఈ చాళుక్యులను సోలంకీలని కూడా అంటారు. ముందు సూర్యకుండము, వెనుక సభామండపము, దాని వెనుక గర్భగుడితో కూడిన గూఢమండపము ఒకే వరుసలో ఉన్నాయి. కుండము 176 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. మెట్ల మీద చిన్న చిన్న గుళ్ళు 108. సభామండపానికి 52 స్తంభాలు, సంవత్సరానికి వారాలెన్నో అన్ని. గర్భగుడిలో విగ్రహం లేదు, పూజ లేదు. విషువత్తు నాటి ఉదయం సూర్యకిరణాలు గర్భగుడి లోపలికి ప్రసరించేటట్లు దిశ కుదిర్చారు.

ఈ గుడి సరిగా కర్కాటక రేఖ మీద ఉన్నదని గైడు చెప్పాడు. చెప్పిన మాట తూచి చూడడం మా వృత్తిలో అలవాటైన జబ్బు. నేడు కర్కాటక రేఖ ఈ గుడికి దక్షిణంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అయితే భూమి అక్షపు వంపు మెల్లగా తగ్గుతూ ఉండడం వలన ఆ రేఖ ఏటేటా పద్నాలుగు, పదిహేను మీటర్లు దక్షిణానికి జరుగుతున్నది. వెనుకకు లెక్క కడితే, గుడి కట్టిన నాడు అది ఇక్కడికి రెండు కిలోమీటర్ల లోపుననే ఉండేదని తేలింది. కట్టినవారు తెలిసి కట్టారో, యాదృచ్ఛికమో మేము చెప్పలేము. గైడు మాత్రం ఆ లెక్కను తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

మొధేరాకు మరొక విశేషం ఉన్నది. 2022 అక్టోబరులో దీనిని పగలూ రాత్రీ సూర్యశక్తితో నడిచే మొదటి గ్రామంగా ప్రకటించారు. సుజ్జన్‌పురాలో 6 మెగావాట్ల కేంద్రము, రాత్రి కొరకు 15 మెగావాట్-అవర్ల బ్యాటరీ నిల్వ, వెయ్యి మూడు వందలకు పైగా ఇళ్ళపై ఒక్కొక్క కిలోవాట్ ఫలకాలు. పెంకుల మీద, రేకుల మీద, డాబాల మీద నీలి ఫలకాలు తళతళలాడుతుంటే వీధులలో చాలాసేపు తిరిగాము. ఇక్కడ మాత్రం మమ్ములను తొందరపెట్టవలసి వచ్చింది.

భోజనం దారిలోని ఒక చిన్న హోటలులో. సజ్జరొట్టె, కాల్చిన వంకాయ కూర, బెల్లం, వెన్న, పెద్ద గ్లాసులతో మజ్జిగ. "మన సజ్జరొట్టే, నెయ్యి ఎక్కువ, అంతే" అని వదినగారు తేల్చారు. అక్కడ గైడు కొంత తటపటాయించి ఒక ప్రశ్న అడిగాడు. వారి తాతగారి కాలంలో మోటబావి ఉండేది. తండ్రిగారి కాలంలో బోరు వచ్చింది. ఎనిమిది మంది రైతులు వాటాలు వేసుకొని వేసిన ఆ బోరులో నీరు ఇప్పుడు ఎనిమిది వందల అడుగులకు దిగిపోయింది. ఇంకా లోతుకు కొత్త బోరు వేద్దామని తండ్రి పట్టు. వాటా డబ్బు ఇతడు గైడు పనిలో కూడబెట్టినది. "మీరు ఇంజనీరు కదా సర్, వేయమంటారా, వద్దంటారా?"

వెంటనే చెప్పలేదు. మోటారు వివరాలు, తడి లెక్కలు అడిగి తెలుసుకొని, సాయంత్రం చెబుతామన్నాము.

అక్కడి నుండి పాటణ్ సుమారు 35 కిలోమీటర్లు. రాణీ కీ వావ్ చూడడానికి ఒక్క రోజు కేటాయించినా తక్కువే. భీమదేవుని జ్ఞాపకార్థం రాణి ఉదయమతి పదకొండవ శతాబ్ది ఉత్తరార్ధంలో కట్టించినది. 64 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 27 మీటర్ల లోతు, ఏడు అంతస్తులు. 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2018లో వచ్చిన ఊదారంగు వంద రూపాయల నోటు వెనుక ఉన్న బొమ్మ ఇదే. వదినగారు సంచిలోని నోటు తీసి కట్టడంతో పోల్చి చూశారు. పెద్ద శిల్పాలే ఐదు వందలకు పైన. దశావతారాలు, అప్సరసలు, నాగకన్యలు, లోపలి బావి గోడపై శేషశాయి విష్ణువు. సరస్వతీ నది వరదలు తెచ్చిన ఒండ్రులో శతాబ్దాలపాటు ఇదంతా కప్పబడి ఉన్నది. పురావస్తు శాఖ త్రవ్వి తీసి, 1980లలో పునరుద్ధరించింది. గాలివానలు తగలకపోవడం వలన శిల్పాల ముక్కులు, వ్రేళ్ళు, హారాలు ఇంత పదునుగా మిగిలాయి. ముంచిన నదే కాపాడింది. ఆ నది ఇప్పుడు చాలాకాలం ఎండిపోయి ఇసుకగా కనిపిస్తుంది.

ఒక హద్దు దాటి సందర్శకులను దిగనివ్వరు. వదినగారు గోడ పట్టుకొని, ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగుతూ ఆ హద్దు వరకు దిగారు. గైడు ఒక మెట్టు ముందు దిగుతూ భుజం ఆసరా ఇచ్చాడు. అతడు ఆ అరగంటా చరిత్ర చెప్పడం మాని, "మాసీ, ఇక్కడ జారుతుంది" అన్న మాట తప్ప మరేమీ అనలేదు. విడిగా గైడును పెట్టుకున్న డబ్బు మాకు అక్కడే ముట్టింది.

దగ్గరలోనే సిద్ధరాజ జయసింహుని సహస్రలింగ తటాకపు శిథిలాలు ఉన్నాయి. వంతుకు నాలుగు రాళ్ళేనని చాలామంది వెళ్ళరు. ఇంజనీర్లు తప్పక వెళ్ళాలి. నది నుండి వచ్చిన నీరు సూటిగా చెరువులో పడదు. ముందు ఒక కుండంలో నిలిచి, బురద అడుగున పేరుకున్న తరువాత రాతి తూముల గుండా చెరువులోకి వెళుతుంది. పన్నెండవ శతాబ్దిలోనే పూడిక సమస్యను ఎదుర్కొన్నారు.

పాటణ్‌లో చివరిది పటోలా. మా వదినగారి అత్తవారిది పోచంపల్లి ప్రాంతపు చేనేత కుటుంబం. వయసులో ఉన్నప్పుడు ఆమె ఆసు పోసినవారు. ఒక్క చీరకు వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించే ఆ పనికి 1999లో చింతకింది మల్లేశంగారు యంత్రం కనుగొన్నారు, 2017లో పద్మశ్రీ పొందారు. ఆ యంత్రం వచ్చేసరికే తన భుజం అరిగిపోయిందని వదినగారు నవ్వుతూ అంటారు. పటోలాలో పడుగు, పేక రెండింటికీ నేతకు ముందే కట్లు కట్టి రంగు వేస్తారు. మన పుట్టపాక తేలియా రుమాలు పద్ధతీ అదే. మగ్గం ఒక ప్రక్కకు వాలి ఉంటుంది, ఇద్దరు కూర్చుంటారు. రోజంతా నేస్తే ఎనిమిది, తొమ్మిది అంగుళాలు. చీరకు నాలుగు నుండి ఆరు నెలలు. పేక వేసిన ప్రతిసారీ పడుగు రంగుతో కలిసిందో లేదో చూసి సూదితో సర్దుతారు. వదినగారికి గుజరాతీ రాదు, నేసే పెద్దాయనకు తెలుగు రాదు. ఇద్దరూ చేతులతో, "చిటికి" కట్టే వ్రేళ్ళ కదలికలతో పావుగంట మాట్లాడుకున్నారు. మేము, మా శ్రీమతి ప్రక్కన నిలబడి చూశాము. ధర విని మాత్రం ముగ్గురమూ బయటకు వచ్చాము.

టీ దుకాణం బల్ల మీద కాగితం పరచి గైడుకు లెక్క చూపించాము. ఎకరానికి రెండు అంగుళాల తడి ఇవ్వాలంటే సుమారు 200 ఘనపు మీటర్ల నీరు. 250 మీటర్ల లోతు నుండి, పంపు సామర్థ్యం సగమనుకుంటే, దానికి దాదాపు 275 యూనిట్ల కరెంటు. మొధేరాలో ఒక ఇంటి కప్పు మీది ఫలకం రెండు నెలలకు పైగా శ్రమిస్తే ఒక ఎకరానికి ఒక తడి. 350 మీటర్లకు పోతే అదే తడికి 385 యూనిట్లు. రాణీ కీ వావ్ లోతులో నీరుంటే 30తో సరిపోయేది. కరెంటు ధర రైతుకు తక్కువే కావచ్చు, పంపు అరుగుదల తక్కువ కాదు. పైగా అంత లోతు నీటిలో ఫ్లోరైడు పరీక్ష చేయించాలి. కొత్త బోరు కొన్నేళ్ళు నడిచి మళ్ళీ ఇదే ప్రశ్న వేస్తుంది. ఆ డబ్బుతో ఎనిమిది మంది కలిసి ఆముదానికి డ్రిప్పు వేయించుకోండి, నీరు ఎక్కువ త్రాగే రజకా గడ్డి తగ్గించండి అన్నాము.

అతడు కాగితం శ్రద్ధగా చూశాడు. "రజకా తగ్గిస్తే గేదెలు ఏమి తింటాయి సర్? పాల డబ్బుతోనే మా చెల్లి కాలేజీ ఫీజు" అన్నాడు. దానికి మా కాగితంలో జవాబు లేదు.

రాత్రి తొమ్మిదికి నగరం చేరాము. మార్చి నెలాఖరున అతడి నుండి సందేశం వచ్చింది. ఈ ఏటికి కొత్త బోరు ఆపారట. ఎనిమిది మందిలో ముగ్గురు డ్రిప్పుకు ఒప్పుకున్నారట, తండ్రి వారిలో ఒకరు. మాసీ మోకాలు ఎలా ఉందని అడిగాడు. రజకా సంగతి వ్రాయలేదు.