కొట్టి చూస్తే గానీ చెప్పలేను బాబూ

2024 సెప్టెంబర్ మొదట్లో, బెజవాడలో బుడమేరు పొంగిన ఆ వానల్లో, తెనాలిలో మా ఇంటి హాలు కప్పు నుంచి పళ్ళెమంత పెచ్చు ఊడి అమ్మ మంచం మీద పడింది. అమ్మ అప్పుడే కాఫీ పెట్టడానికి లేచింది కాబట్టి సరిపోయింది. "ఏం కాలేదురా, దుప్పటే పాడైంది" అని ఫోన్లో నవ్వేసింది గానీ, హైదరాబాదులో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఇల్లు నాన్న 1996లో కట్టించారు, నేను పుట్టడానికి ఏడాది ముందు. రిపేరు బాధ్యత నేను తీసుకున్నా. డబ్బు మాత్రం నాన్న రిటైర్మెంటుదే (నా జీతంలో సగం ఈఎంఐకి పోతుంది, ఆ ఏడుపు ఇంకోసారి). సాఫ్ట్‌వేరోడికి తెలియని పని అప్పగిస్తే ఏం చేస్తాడు? ఎక్సెల్ షీటు తెరుస్తాడు. నేనూ తెరిచా.

మొదటాయన గుంటూరు నుంచి వచ్చిన కాంట్రాక్టరు. 4 లక్షల 60 వేలు, ముప్ఫై రోజులు, రెండు పేజీల కొటేషను, పైన రంగులు వేసిన త్రీడీ బొమ్మ ఒకటి ఉచితం. రెండో ఆయన 5 లక్షల 90 వేలు అన్నాడు, అక్కడితో ఆయన కథ అయిపోయింది.

మూడో మనిషి, మా ఇల్లు కట్టిన తాపీ మేస్త్రే. నాన్న కబురు పెడితే వచ్చాడు. నిచ్చెనెక్కి చిన్న సుత్తితో కప్పంతా కొట్టుకుంటూ, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో చుట్టూ గీత గీశాడు. గంట పట్టింది. హాలు కప్పు ఇండియా మ్యాపులా తయారైంది.

"మొత్తం ఎంతవుతుంది?" అన్నా.

"కొట్టి చూస్తే గానీ చెప్పలేను బాబూ. లోపల చువ్వ ఎంత తినేసిందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది? సరుకు మీరే కొనండి, మాకు రోజు కూలి ఇవ్వండి."

నా షీటులో ఆయన గడి ఖాళీగా మిగిలింది. ఖాళీ గడిని ఎవడైనా సెలెక్ట్ చేస్తాడా చెప్పండి? పైగా రోజు కూలి అంటే పని సాగదీస్తారని భయం. తమాషా ఏంటంటే, అదే వారం మా మేనేజరు ఒక పాత మాడ్యూలుకి ఎస్టిమేటు అడిగితే "కోడు తెరిచి చూడకుండా ఎలా చెప్తాం" అని నేను రోషంగా మెయిలు కొట్టా. రెండూ ఒకటే మాట అని అప్పుడు తట్టలేదు.

నాన్న "నీ ఇష్టంరా" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం వేరే. తెలిసి కూడా తెలియనట్టు ఊరుకున్నా.

2025 సంక్రాంతి వెళ్ళాక గుంటూరాయనకి లక్షన్నర అడ్వాన్సు ఇచ్చి పని మొదలెట్టించాం. నాలుగో రోజు ఫోను. "సార్, చువ్వలు బాగా తుప్పు పట్టాయి. ఇది కొటేషన్లో లేదు. ఇంకో లక్షా ఎనభై అవుతుంది." కొటేషను తీసి చూస్తే నిజమే, లేదు. 'కప్పు ప్లాస్టరింగ్ మరమ్మతు' అని ఒక్క లైను ఉంది. నేను చదివిందీ ఆ అంకె వరకే. కుదరదన్నా. "అయితే పైన ప్లాస్టరింగ్ చేసేస్తాం సార్, ఏమీ కనపడదు" అన్నాడు.

ఒక పూటంతా సరే అందామనే అనుకున్నా. ఇది దాచుకోవడం అనవసరం. సివిల్ బ్రాంచిలో చదివిన మా ఫ్రెండుకి ఫొటోలు పంపితే తిట్టాడు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుందట, మామూలు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి దానికి. అందుకే కాంక్రీటుని కిందకి తోసేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే మళ్ళీ ఊడటం ఖాయం. "ఈసారి ఆంటీ మంచం మీదే ఉంటే?" అన్నాడు. ఇక మాట్లాడలేకపోయా.

గుంటూరాయన మనుషులు మర్నాటి నుంచి రాలేదు. నాన్న నాతో ఏమీ అనకుండా సైకిలేసుకుని మేస్త్రి ఇంటికెళ్ళారు.

మేస్త్రి ముందు కింద సపోర్టులు పెట్టించాడు (గుంటూరాయన అదీ పెట్టలేదు). చువ్వల్ని ఇనప బ్రష్షుతో మెరిసేదాకా గీకించాడు. బాగా సన్నబడ్డ చోట పక్కనే కొత్త చువ్వ కట్టి, తుప్పు పట్టని రంగు పూసి, ఆ తర్వాతే మాలు వేశాడు. డాబా మీద పగుళ్ళు పూడ్చి, పైన పూత వేసి ఆరాక, నీళ్ళు కట్టి ఒక పగలూ రాత్రీ వదిలేశాడు. కింద హాల్లో కప్పుకేసి చూస్తూ నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నారని అమ్మ చెప్పింది. చుక్క దిగలేదు.

మేస్త్రి చేతి మీద అయిన ఖర్చు 5 లక్షల 10 వేలు. సిమెంటు బస్తా నుంచి టీల దాకా నాన్న డైరీలో ఉంది. గుంటూరాయనకి ఇచ్చిన లక్షన్నర దీనికి అదనం, అందులో పైసా వెనక్కి రాలేదు.

మేస్త్రి మాత్రం అంతకుముందు పెచ్చులు కొట్టింది మేం పెట్టుకున్న రోజు కూలీలే అనుకుంటున్నాడు. లక్షన్నర సంగతి ఆయన దగ్గర ఎత్తొద్దని నాన్న నాతో ఒట్టేయించుకున్నారు. మీలో తెనాలి వాళ్ళెవరైనా ఉంటే, మీరూ ఎత్తకండి.