ముళబాగిలు బండలు

బెంగుళూరు నుండి కోలారు మీదుగా తిరుపతి పోయే మనవారు ముళబాగిలులో బస్సు దిగేది రెండింటికే: ఆంజనేయస్వామి దర్శనానికి, పేరుపొందిన అక్కడి దోసెకు. మేము ఆ రెండూ ముగించుకుని, ఊరిని ఆనుకొని ఉన్న కోటకొండ చూడబోయాము.

ముళబాగిలు అంటే ‘మూడల బాగిలు’, అనగా తూర్పు వాకిలి అని చెబుతారు. మైసూరు సీమకు అది తూర్పు వాకిలి. దాటితే మన చిత్తూరు జిల్లా. అంగళ్ల బోర్డులు కన్నడంలో ఉన్నా, మేము దారి అడిగితే జవాబు తెలుగులోనే వచ్చింది.

కొండంతా బండలే. ఏనుగంత బండమీద ఇల్లంత బండ. 1768 అక్టోబరులో ఇక్కడే హైదరాలీకీ, కుంఫిణీ సేనాని కర్నల్ వుడ్‌కూ యుద్ధం జరిగింది. వుడ్ ఓడిపోయే ఘడియలో కెప్టెన్ బ్రూక్ అనే అధికారి ఒక బండమీదికి రెండు ఫిరంగులు చేర్చి కాల్పించి, “స్మిత్! స్మిత్!” అని కేకలు పెట్టించాడు. కర్నల్ స్మిత్ సేన వచ్చిపడిందని భ్రమించి హైదరు సైన్యం వెనుకాడింది. వుడ్‌కు ఊపిరి తిరిగింది. రాళ్ల నడుమ ఒక్క అబద్ధపు కేక అంత పని చేసింది!

ఆ బండల మధ్య నిలుచుంటే మాకు ‘ఎ పాసేజ్ టు ఇండియా’ సినిమా గుర్తుకు వచ్చింది. డేవిడ్ లీన్ 1984లో వెలువరించిన ఆ చిత్రంలోని మరబారు కొండలు, బెంగుళూరుకు ఆవలి పక్కనున్న సావనదుర్గం, రామదేవర బెట్టలే. నవలకు ఆధారమైనవి బీహారులో గయ దగ్గరి బరాబరు గుహలు. లీన్ వాటిని చూచి, తెరకు చాలవనుకొని, ఈ కొండలను ఎన్నుకొని, వాటికి గుహల వాకిళ్లు తొలిపించాడు.

నవల ఇ. ఎం. ఫార్‌స్టరుది, 1924లో అచ్చయింది. ఆయన దానిని అంకితమిచ్చినది మిత్రుడు సయ్యద్ రాస్ మసూద్‌కు. ఈ మసూద్ హైదరాబాదు సంస్థానంలో విద్యాశాఖాధిపతిగా ఉండి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాటుపడినవాడు. కథలో డాక్టర్ అజీజ్ ఇద్దరు దొరసానులకు గుహలు చూపబోయి నిందపాలవుతాడు. గుహలో ఏ మాట పలికినా ఒకటే ధ్వని తిరిగి వస్తుంది. నింద మోపిన అడేలా చెవిలో అది మ్రోగుతూనే ఉంటుంది. కోర్టులో నిజం ఒప్పుకొన్న తరువాతగాని ఆమెను విడువదు. ముళబాగిలులో అబద్ధపు కేక ఒక పటాలాన్ని కాపాడింది. ఇక్కడ నిజం చెబితేగాని మనసుకు నెమ్మది లేదు.

ఈ కథను 1965లో బి.బి.సి. వారు, శాంతా రామారావు వ్రాసిన నాటకం ఆధారంగా టెలివిజన్‌లో చూపారు. లీన్ చిత్రంలో నటించిన పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్‌కు ఆస్కార్ బహుమతి వచ్చింది. అయితే లీన్ ముగింపును మెత్తబరచి, అజీజునూ అతని ఆంగ్ల మిత్రుడు ఫీల్డింగునూ చల్లగా కలిపి పంపివేశాడు. నవలలో అట్లా కాదు. ఒకరు ఏలేవారు, ఒకరు ఏలబడేవారు అయినంతకాలం ఆ స్నేహానికి వేళ రాలేదని పుస్తకం ముగుస్తుంది. మాకు అదే నిజమనిపించింది.

ముళబాగిలు పోయేవారు దోసెతోనే తిరిగి రాక, కొండ కూడా చూడండి. పిల్లలకు బ్రూక్ కేక కథ చెప్పండి. ఇల్లు చేరాక నవల చదవండి. సినిమా ఆ తరువాత చూడవచ్చు.