వ్రేళ్ళు నేర్పిన పాఠం

ఇంట ఉర్దూ మాట్లాడుతూ, కళాశాలలో తెలుగు బోధించే మాకు తొలి గురువు మా అమ్మీ. అలిఫ్, బేలతో పాటు అ, ఆలను కూడా పలకపై చేయి పట్టి దిద్దించినది ఆమెయే. ఆ వ్రేళ్ళు నేడు గుండీ పెట్టుకొనడానికైనా వంగవు. అందుకు కారణం కొంతవరకు మేమే కనుక, ఈ కథ చెప్పక తప్పదు.

పదేళ్ళ క్రిందటి చలికాలం. ఫజర్ నమాజుకు వుజూ చేయబోతే ఆమె చేతిలో లోటా నిలిచేది కాదు. రెండు చేతుల వ్రేళ్ళ కణుపులూ వాచి, గంటకు పైగా బిగుసుకొని, ప్రొద్దెక్కిన పిమ్మట కొంత సడలేవి. "వయసు మీరింది బేటా, వాతం" అనేది అమ్మీ. మేమూ అట్లే నమ్మాము. తైలాలు మర్దించాము, అంగడిలో నొప్పి మాత్రలు కొన్నాము. మా ఎం.ఏ. పరీక్షలు, ఉద్యోగ ప్రయత్నాలు సాకుగా రెండేళ్ళు గడిపాము. చివరకు వైద్యుడు ఎక్స్‌రే చూపి, తరిగిపోయిన ఎముక తిరిగి రాదన్నప్పుడు మేము తల ఎత్తలేకపోయాము.

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ముసలితనపు అరుగుదల కాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థయే కీళ్ళ లోపలి పొరపై దాడి చేయడం వలన కలిగే వ్యాధి. యువతీయువకులకూ రావచ్చు, పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎముకకు నష్టం తరచు మొదటి రెండేళ్ళలోనే మొదలవుతుంది. నొప్పి మాత్ర బాధను అణచగలదు గాని ఆ నష్టాన్ని ఆపలేదు.

దానిని అరికట్టే మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలమిది. మొదట రక్తపు క్యాన్సరుకు వాడిన ఈ మందుకు, 1988లో ఆ దేశంలో ఈ కీళ్ళవ్యాధికి కూడా అనుమతి లభించింది. వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకొంటూ, వారానికి ఒక్కసారి మాత్రమే వాడవలసిన మందు, గర్భిణులు వాడరాదు. ఒక తెలుగువాని కృషి ప్రపంచానికి అందిన ఎన్నో ఏళ్ళకు కూడా, తెలుగు చదివిన మేము తైలం రాస్తూ కూర్చున్నాము!

గత ఏడాది మా చెల్లెలికి అవే లక్షణాలు కనిపించాయి. రెండు నెలలు నిండకముందే చికిత్స మొదలైనది. నేడు ఆమె రొట్టెలు చేస్తున్నది, మిషను కుడుతున్నది. ఆ చేతులను చూచి అమ్మీ మురిసిపోతుంది. అమ్మీ చేతులను మాత్రం మేము చూడలేము.

విద్యార్థులారా! మీ ఇంట తల్లి గాని, అక్క గాని తెల్లవారి పిడికిలి బిగించలేకపోతే, "వాతంలే" అని ఊరుకొనకండి. ఆ వారమే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. మేము పోగొట్టిన రెండేళ్ళను మీరు పోగొట్టకండి.