చున్నీ చాటు ముఖము

ఈ వారం మా ఇంటి సంగతే రాస్తున్నాము. మా అమ్మాయిని అడిగి, ఆమె సరే అన్నాకే రాస్తున్నాము.

పదో తరగతి చివర్లో ఆమె ముఖమంతా మొటిమలు లేచాయి. ఎర్రగా, చీము పట్టి, రాత్రి దిండు తగిలినా నొప్పే. వయసు కదా, అవే పోతాయన్నాము. ఇంటర్‌లో చేరినా పోలేదు. పాటల బృందంలోంచి తప్పుకొని, ఎండాకాలంలో కూడా ముఖానికి చున్నీ చుట్టుకొని మందిరంలో వెనక గోడ దగ్గర కూర్చునేది.

మేము చేసింది కూడా చెప్పాలి. అస్తమానం అద్దమేనా అని గద్దించాము. ఒక ఆదివారం పైపై అందము గురించి వాక్యం చెప్పాము. పేరు పెట్టలేదు. అయినా ఎవరి గురించో అందరికీ తెలిసింది, అందరికంటే ముందు ఆమెకు తెలిసింది.

ఆరాధన అయ్యాక తలా ఒక మాట. "వేడి చేసిందేమో అమ్మగారూ", "శనగపిండి రాయండి", "పెళ్లీడుకైనా తగ్గాలి కదా". అందరిదీ ప్రేమే. ఒక సహోదరి ఆమె పేరు పెట్టి, ముఖం గురించి గట్టిగా ప్రార్థన కూడా చేసింది. ఆ మధ్యాహ్నం మా అమ్మాయి అన్నం ముట్టలేదు.

తర్వాత తెలిసింది, మాకు చెప్పకుండా ఎవరో ఇచ్చిన క్రీము రాసుకుంటున్నదని. మొదట్లో ముఖం నున్నబడింది. మానగానే రెట్టింపు అయ్యాయి. టౌన్‌లో చర్మ వైద్యురాలు ఆ ట్యూబు చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉంది, ఇది మొటిమలకు రాసేది కాదన్నారు. మొటిమలు మురికి వల్ల రావట. యుక్తవయసులో హార్మోన్ల వల్ల చర్మంలో నూనె ఎక్కువై, వెంట్రుక కుదుళ్లు మూసుకుపోయి లేస్తాయి, సబ్బుతో ఎంత తోమినా పోవు. సరైన మందుతోనైనా తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుందన్నారు.

ఆ తర్వాత ఆమె మా అమ్మాయిని అడిగారు: "నిద్ర పడుతోందా? కాలేజీకి వెళ్తున్నావా? బతకాలని లేదనిపించిందా ఎప్పుడైనా?" చివరి ప్రశ్నకు మా అమ్మాయి చాలాసేపు నేల వైపే చూసింది. మేమిద్దరం పక్కనే కూర్చొని ఉన్నాము. రెండేళ్లలో ఒక్కసారీ మేము అడగని మాట అది.

బస్సులో అంది: "నాతో మాట్లాడేవాళ్లు నా కళ్లలోకి చూడరు నాన్నా. బుగ్గనే చూస్తారు."

యోబు ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న సంగతి మేము ఎన్నిసార్లు ప్రసంగించామో! స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు నోరు తెరిచాకే అతనికి బాధ పెరిగింది. మేమైతే ఆ ఏడు రోజులైనా ఊరుకోలేదు.

మేము ఆమెకు క్షమాపణ చెప్పాము. ఆమె వెంటనే ఏమీ అనలేదు. మందు వాడుతోంది, కొన్ని తగ్గాయి, మచ్చలున్నాయి. దయచేసి ఎవరూ "తగ్గిందే" అని కూడా అనకండి, ఆమె కోరింది ఇదొక్కటే.

మొన్న ఆదివారం రెండో పాట మధ్యలో వెనక గోడ దగ్గరి నుంచి కంజీర వినిపించింది. చున్నీ భుజం మీద ఉంది. మేము పాట పుస్తకంలోంచి తలెత్తలేదు.