40 పిన్నుల పాత డిస్కు



పాత హార్డ్ డిస్కును తూకానికి వేయమన్నవారి మాటలో తర్కం లేకపోలేదు. 40 గిగాబైట్ల ఆ ఇనుప పెట్టెకంటె వేలిగోరంత మెమరీ కార్డులో నేడు ఎక్కువ సరుకు పడుతుంది. అయితే 2003 మొదలు మూడేళ్ళపాటు మా బడిపిల్లలు తాతలను, నాయనమ్మలను అడిగి తెచ్చిన సేద్యపు మాటలు అందులో ఉన్నవి. మేడి, నొగ, పంగలకర్ర వంటివి నిఘంటువులలోనూ దొరుకుతాయి. ఏ ఊళ్ళో ఏ పనిముట్టును ఏమనేవారో, ఆ మాట ఎవరు చెప్పారో ఆ డిస్కుకే తెలుసు. చెప్పినవారిలో పలువురు నేడు లేరు.

"దీన్ని తగిలించే చోటే ఇప్పటి బోర్డుల మీద లేదు మాస్టారూ!" అన్నాడు మరమ్మతు దుకాణం అబ్బాయి. నిజమే. ఐడీఈ, పాటా అనే పేర్లు గల ఈ డిస్కుల వెనుక 40 పిన్నులు, వాటికొక వెడల్పాటి రిబ్బన్ కేబులు. రెంటికీ మధ్యవర్తిగా యూఎస్‌బీ అడాప్టరు దొరుకుతుంది. మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కూడా కావాలి. మామూలు యూఎస్‌బీ ఇచ్చేది 5 మాత్రమే. కనుక విడిగా విద్యుత్తునిచ్చే అడాప్టరునే కొనాలి. డిస్కు వెనుకనున్న జంపరును 'మాస్టర్' స్థానంలో ఉంచాలి. (మాస్టర్, స్లేవ్ అన్న ఆ పరిభాష నాకెన్నడూ రుచించలేదు.)

లినక్సులో దీనికై ప్రత్యేకంగా డ్రైవరును వెదకనక్కరలేకపోయింది. అడాప్టరు లేకుండా పాత బోర్డుకే తగిలించుకొనేవారికీ చింత లేదు. కెర్నెల్లోని ప్రాచీన ఐడీఈ విభాగాన్ని 2021లో 5.14 కూర్పుతో తొలగించారు గాని, అప్పటికే లిబాటా అనే విభాగం ఆ పనిని నెత్తికెత్తుకొన్నది. వ్యాకరణంలో స్థానివద్భావమని మనం చదువుకొన్నది ఇటువంటిదే. ఇక ఫ్లాపీ డ్రైవరును లైనస్ టోర్వాల్డ్స్ 2019లో 'అనాథ'గా నమోదు చేశారు, తీసిపారవేయలేదు. పిమ్మట మరొకరు దాని ఆలనాపాలనా స్వీకరించారు. ఈ మర్యాద నాకెంతో నచ్చింది.

డిస్కు కనబడగానే తెరచి చూడాలన్న ఆత్రం కలుగుతుంది. కూడదు. ముసలి డిస్కు ఎప్పుడు మూగబోతుందో చెప్పలేము. ముందు నకలు తీయాలి. గ్నూ డీడీరెస్క్యూ సులభంగా చదవగల భాగాలను మొదట నకలుచేసి, మొండికేసిన చోట్లకు తరువాత తిరిగి వస్తుంది. తెలిసిన ప్రశ్నలు ముందు రాయండర్రా అని పరీక్షలనాడు నేను చెప్పిన పద్ధతే! ఎంతవరకు చదివిందో ఒక దస్త్రంలో రాసుకొంటుంది గనుక, నడుమ కరెంటు పోయినా మొదటికి రానక్కరలేదు. మా ఊరికి ఇది చిన్న సౌకర్యం కాదు.

రాత్రి మొదలైన పని మరునాటి మధ్యాహ్నానికి ముగిసింది. ఆ నకలును, మార్పులకు వీలులేకుండా, చదవడానికి మాత్రమే తెరిచాను. విండోస్ 98 నాటి ఫ్యాట్32 అమరికను లినక్సు అవలీలగా చదివింది. దస్త్రాలలో మాత్రం తెలుగుకు బదులు రోమను లిపి గందరగోళం! యూనికోడుకు ముందటి ఫాంట్లు రోమను అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను ఇరికించేవి కదా. ఆ ఫాంటు కూడా అదే డిస్కులో దొరికింది. దానిని స్థాపించగానే 'కల్లం' అన్న శీర్షిక తలకట్టుతో సహా లేచి నిలిచింది.

ఒక్కొక్క ఊరి మాటలనూ యూనికోడులోకి మారుస్తున్నాను. రెండు ఊళ్ళ జాబితాలు చెడిన సెక్టార్లలో పడి తెరుచుకోలేదు. వాటిని సేకరించిన పిల్లలలో ఒకామె ఇప్పుడు తానే ఉపాధ్యాయిని. నాటి నోటుపుస్తకం పుట్టింటి అటక మీద ఉన్నదేమో, దసరా సెలవులలో వెదుకుతానన్నది.