ముప్పై రెండేళ్ళ ముసలివాడు

మా హాస్టల్ మూడో ఫ్లోర్‌లో ఎనిమిది మందికి బేస్‌బాల్ టీమ్‌లు ఉన్నాయి. మాలో ఒక్కడు కూడా బేస్‌బాల్ బ్యాట్ పట్టుకున్నవాడు కాదు. మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా చూసినవాడూ లేడు. అయినా గత వారం ఒక ఆటగాడి గురించి రాత్రి రెండింటి దాకా గొడవపడ్డాం. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గేమ్ పేరు ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్. జర్మనీకి చెందిన మార్కస్ హైన్సన్ మొదలుపెట్టాడు, 1999 నుంచి వస్తోంది. ఇందులో మీరు బంతి విసరరు, బ్యాట్ ఊపరు. మేనేజర్‌గా కూర్చుని ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదులుకోవాలి అని తల బద్దలుకొట్టుకుంటారు. మిగతాదంతా రేటింగ్స్, ప్రాబబిలిటీ. రాత్రి మెస్ నుంచి వచ్చాక అందరం మా ఫైళ్ళు పంపిస్తాం. మా కమిషనర్ (థర్డియర్ అన్న, మంచివాడే గానీ రూల్స్ పిచ్చి) తన ల్యాప్‌టాప్‌లో మూడు రోజుల ఆటలు నడిపిస్తాడు. రిజల్ట్స్ దింపుకుని ఎవడి టీమ్‌ని వాడు తిట్టుకుంటాం. మిడ్స్‌కీ సెమ్ ఎగ్జామ్స్‌కీ సెలవు. ఇలా ఏడాదిన్నరలో 1965 సీజన్ నుంచి 1968 జులై దాకా వచ్చాం.

అవును, 1965. ఆనాటి నిజమైన జట్లతో, నిజమైన ఆటగాళ్ళతో మొదలుపెట్టాం. అక్కడి నుంచి ఎవడు ఎలా ఆడతాడన్నది గేమ్ ఇష్టం. మేం పెట్టుకున్న సెట్టింగ్ అది. నాకు సిన్సినాటి రెడ్స్ వచ్చింది, దాంతోపాటు ఫ్రాంక్ రాబిన్సన్ వచ్చాడు.

రాబిన్సన్ అసలు కథ తెలియకపోతే మా గొడవ అర్థం కాదు. 1965 డిసెంబర్‌లో సిన్సినాటి వాళ్ళు అతన్ని బాల్టిమోర్ ఓరియోల్స్‌కి ఇచ్చేసి మిల్ట్ పప్పాస్ అనే పిచ్చర్‌నీ ఇంకో ఇద్దర్నీ తీసుకున్నారు. రాబిన్సన్‌కి అప్పుడు ముప్పై ఏళ్ళు. వయసుకి మించి ముసలివాడయ్యాడన్న అర్థం వచ్చేలా ఓనర్ బిల్ డెవిట్ మాట్లాడాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది ఆ ముసలివాడు 49 హోమ్ రన్స్ కొట్టాడు. బ్యాటింగ్ యావరేజ్, హోమ్ రన్స్, కొట్టి తెప్పించిన పరుగులు, మూడింట్లోనూ లీగ్‌లో అతనే ఫస్ట్. దీన్నే ట్రిపుల్ క్రౌన్ అంటారు. ఓరియోల్స్ ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్‌ని 4-0తో ఓడించింది.

మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. 2016లో సన్‌రైజర్స్‌కి కప్ తెచ్చిన డేవిడ్ వార్నర్‌ని 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు, తర్వాత వదిలేశారు. ఆ నవంబర్‌లోనే అతను టీ20 వరల్డ్ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్.

మా లీగ్‌లో ఓరియోల్స్ ఇప్పుడు ఫైనలియర్‌లో ఉన్న ఒక అన్నది. మొదటి వారంలోనే రాబిన్సన్‌ని అడిగాడు. చరిత్ర చదివొచ్చి అడుగుతున్నాడని నాకు తెలుసు, నేనూ చదివే ఇవ్వనన్నాను. తమాషా ఏంటంటే గేమ్ చరిత్ర చదవలేదు. మా 1966లో రాబిన్సన్ మోకాలి గాయంతో రెండు నెలలు కూర్చున్నాడు. ట్రిపుల్ క్రౌన్ లేదు, ఏమీ లేదు. తర్వాత రెండేళ్ళు బాగా ఆడాడు. ఇప్పుడు ముప్పై రెండు. రేటింగ్స్ ఒక్కో మెట్టు దిగడం మొదలైంది.

మా తాతయ్య సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి బేరం ఆడేవాడట. మేం స్క్రీన్ మీద ఏజ్ అన్న కాలమ్ చూస్తాం. నేనైతే లీగ్ డేటా బయటికి తీసి పైథాన్‌లో గ్రాఫ్ కూడా గీశాను. ముప్పై దాటాక గీత కిందికే. కానీ ఆ గీత నాకు ధర చెప్పలేదు. ధర చెప్పింది కాలేజీ క్యాలెండర్.

లెక్క చూడండి. నేను సెకండియర్. ఇదే స్పీడ్‌లో వెళ్తే నాకు ఇంకా ఐదు సీజన్లు ఉన్నాయి. అప్పటికి రాబిన్సన్‌కి ముప్పై ఏడు. ఫైనలియర్ అన్నకి ప్లేస్‌మెంట్ అయిపోయింది, మే నెలలో వెళ్ళిపోతాడు. ఆయనకున్నది ఈ ఒక్క సీజనే. డెట్రాయిట్ కంటే రెండు మ్యాచ్‌లు వెనక ఉన్నాడు. కప్ కావాలి. 1969లో రాబిన్సన్ కుంటితే ఆయనకేంటి? అదే ఆటగాడు, అవే రేటింగ్స్. నాకు కరిగిపోతున్న ఐస్, ఆయనకి చల్లటి నీళ్ళు. అందుకే ఈసారి ఆయన ఇస్తానన్నది చూసి నాకు నిద్రపట్టలేదు: జిమ్ పామర్. ఇరవై రెండేళ్ళ పిచ్చర్. నిజ జీవితంలో 1966 వరల్డ్ సిరీస్‌లో ఇరవై ఏళ్ళకే డాడ్జర్స్‌కి ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ గెలిపించినవాడు. మా లీగ్‌లో కూడా బంగారమే.

ఇలా ఇవ్వడం పిచ్చితనం అనకండి. 1987లో డెట్రాయిట్ టైగర్స్ ఇదే పని చేసింది. అట్లాంటా నుంచి ముప్పై ఆరేళ్ళ డోయల్ అలెగ్జాండర్‌ని తెచ్చుకుని ఇరవై ఏళ్ళ జాన్ స్మోల్ట్జ్‌ని ఇచ్చింది. అలెగ్జాండర్ 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ తన డివిజన్‌ని రెండే మ్యాచ్‌ల తేడాతో గెలిచింది, తర్వాతి రౌండ్‌లో మిన్నెసోటా చేతిలో ఓడింది. స్మోల్ట్జ్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. అందరూ దీన్ని చెత్త ట్రేడ్‌ల లిస్టులో వేస్తారు. నేను వెయ్యను. వాళ్ళు కొన్నది ఆ రెండు నెలలు, ఆ రెండు నెలలు వాళ్ళకి దొరికాయి.

సరే, మా గొడవ. మా రూల్ ప్రకారం ప్రతి ట్రేడ్‌కీ 24 గంటల అభ్యంతరాల టైం ఉంటుంది. కమిషనర్ అన్న గ్రూప్‌లో పెట్టాడు: "ఓరియోల్స్‌ని మే తర్వాత ఎవడు తీసుకుంటాడు?" ఒక ఫస్టియర్ తమ్ముడికి ఆ టీమ్ ఇస్తామని ముందే మాటిచ్చాం. ఆ టీమ్‌లో ముప్పై దాటినవాళ్ళు ఇప్పటికే తొమ్మిది మంది. పామర్ కూడా పోతే వాడికి మిగిలేది మోకాళ్ళ నొప్పుల వార్డ్. "రేపు ఉండనివాడు రేపటిని అమ్ముకోవడం ఏంట్రా" అన్నాడు కమిషనర్. ఫైనలియర్ అన్నకి కోపం వచ్చింది. నాలుగేళ్ళు ఇక్కడ ఉన్నాను, ఒక్క కప్ ఆశపడకూడదా అన్నాడు. అదీ నిజమే. ఇద్దరి మధ్యా నేను నోరు మూసుకుని కూర్చున్నాను. లాభం నాది కదా, ఏం మాట్లాడినా కక్కుర్తిలాగే వినిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ గొడవలో రాబిన్సన్‌ని, పామర్‌ని ఎవరూ అడగరు. అసలు ప్రపంచంలో ఒకతను తనని అడగాలన్నాడు. కర్ట్ ఫ్లడ్. 1969లో పన్నెండేళ్ళు ఆడిన కార్డినల్స్ అతన్ని ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేస్తే వెళ్ళనని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీం కోర్టులో 5-3తో ఓడిపోయాడు. మా గేమ్ అక్కడికి ఇంకా ఒక ఏడాది దూరంలో ఉంది. మా ఫ్లడ్ అయితే నోరెత్తడు. యాక్సెప్ట్ బటన్ నొక్కితే బ్యాగ్ సర్దుకుంటాడు.

చివరికి ఆ బటన్ నొక్కే ముందు ఆ ఫస్టియర్ తమ్ముణ్ణి పిలుద్దామన్నాను. టీమ్ వాడిది కాబోతోంది, వాడు వద్దంటే పామర్ నాకు వద్దు. నిజంగానే అన్నాను, కాస్త భయంగా కూడా. వాడు నిద్రకళ్ళతో వచ్చి మంచం అంచున కూర్చుని, రెండు టీమ్‌ల లిస్టులూ పైనుంచి కిందికి చూశాడు. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

"అన్నా, కప్ వచ్చిన టీమ్ అయితే నాకూ బానే ఉంటుంది. పామర్‌ని తీసుకో," అన్నాడు నాతో. ఫైనలియర్ అన్న లేచి వాడి భుజం తట్టాడు. వాడు ఇంకా స్క్రీనే చూస్తున్నాడు. "కానీ రాబిన్సన్ ఒక్కడే అయితే కాదు. ఇదిగో, ఈ ఇరవై ఏళ్ళ క్యాచర్ కూడా రావాలి. జానీ బెంచ్ అంట. ఎవరితను?"

ఎవరో వాడికి బాగా తెలుసు. వాడూ చదివొచ్చాడు. బెంచ్‌ని ఇవ్వనన్నాను. ఇది రాసే సమయానికి బేరం ఇంకా నడుస్తోంది. గడువు ఎల్లుండి.