రోవర్ కొంటారా? ముందు తుప్పు చూడండి

పాత కార్లంటే మక్కువ ఉన్నవాళ్ల మధ్య కూర్చుంటే మాట ఇట్టే జాగ్వార్ మీదికో, బెంజ్ మీదికో పోతుంది. ఇవాళ నన్ను రోవర్ గురించి చెప్పనివ్వండి. 1976లో బ్రిటన్‌లో విడుదలైన రోవర్ 3500. అభిమానులు ఎస్‌డీ1 అంటారు. కంపెనీ మేనేజర్లూ, పోలీసులూ తిరిగిన బండి అది. డేవిడ్ బేచ్ గీసిన ఆకారం ఎంత బాగుంటుందో! ముందునుంచి చూస్తే ఫెరారీ డేటోనా గుర్తొస్తుంది. వెనక తలుపెత్తితే ఇంటిల్లిపాది సామానూ పడుతుంది. లోపల 3,528 సీసీ అల్యూమినియం వీ8 ఇంజను. అమెరికాలో బ్యూక్ వాళ్ల దగ్గర పుట్టి రోవర్ చేతికొచ్చిన ఇంజను. 1977కి యూరప్‌లో ఆ ఏటి మేటి కారు ఇదే.

ఇంత మంచి బండికి చెడ్డపేరెందుకు వచ్చిందంటారా? తయారీ వల్ల. సోలిహల్ కొత్త ఫ్యాక్టరీలో సమ్మెలు, సరిగ్గా పట్టని రంగు, మొరాయించే కరెంటు సామాను. తర్వాత తుప్పు పట్టుకుంది. 1986 దాకా మూడు లక్షలకు పైగా తయారైనా మిగిలినవి కొద్దే. పాతబడ్డాక ఎవరూ దాచుకోలేదు మరి. వీ8 ఇంజను ఊడదీసుకుని మిగతాది తుక్కుకి వేసినవాళ్లూ ఉన్నారు. తలచుకుంటే ఇప్పటికీ ఉసూరుమంటుంది.

అరుదైనంత మాత్రాన అన్నిటికీ ఒకే ధర పలకదు. మోజంతా ఈ కారులోనే విటెస్ అనే రకం మీద. 1982లో 190 హార్స్‌పవర్‌తో వచ్చింది. 1984లో ఆండీ రౌస్ బ్రిటిష్ సెలూన్ కార్ల చాంపియన్‌షిప్ గెలిచింది దాని మీదే. అందులోనూ ఇంజనుకు గాలి రెండు దారుల్లో అందే ‘ట్విన్ ప్లీనమ్’ రకమైతే ఇంకా గిరాకీ. ఆరు సిలిండర్ల 2300, 2600లకు అంత ఆదరణ లేదు.

ఇక మద్రాసు సంగతి వినండి. ఈ కారునే అక్కడి స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు 1985లో ‘స్టాండర్డ్ 2000’ పేరుతో తెచ్చారు. వీ8 బదులు స్టాండర్డ్ వాళ్ల పాత వాన్‌గార్డ్ కారు కాలంనాటి 1,991 సీసీ ఇంజను పెట్టారు. అంత బరువైన ఒంటికి ఆ ఇంజను చాల్లేదు, పెట్రోలూ బాగా తాగేది. 1988కల్లా తయారీ ఆగిపోయింది. గోడౌన్లలో మిగిలిన కొత్త విడిభాగాలను బ్రిటన్ వ్యాపారి ఒకరు కొని పట్టుకెళ్లారు. పుట్టినింట దొరకని భాగాలు మన సముద్రతీరం నుంచి వెళ్లి అక్కడి బండ్లను కొన్నాళ్లు రోడ్డు మీద నిలబెట్టాయి. మద్రాసు ప్రయత్నాన్ని ఉత్త వైఫల్యమంటే నేనొప్పుకోను.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లెవరికైనా కొనే ఉద్దేశముంటే ఒక మాట. 40 ఏళ్లు దాటిన కారుకు అక్కడ రోడ్డు పన్ను ఉండదు. పెద్దగా మార్పులు చేయని బండైతే, రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసే ఏటేటా ఎంఓటీ పరీక్షా తప్పనిసరి కాదు. అందుకే మరింత జాగ్రత్తగా చూసుకోండి. ఇంజను బాగుచేయించుకోవచ్చు, అది తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. చట్రం కింద, తలుపుల అడుగున, చక్రాల పైకప్పుల్లో తుప్పు తిన్నదంటే మాత్రం చెదపట్టిన దూలానికి రంగేసి అమ్మినట్టే. చవకైన బండి కొని బాగుచేయించే ఖర్చుతో మంచి బండే రావచ్చు.

మన చెన్నై చుట్టుపక్కలో, మీ ఊళ్లోనో ఏ షెడ్డులోనైనా స్టాండర్డ్ 2000 పడి ఉంటే దయచేసి దాన్ని తుక్కుకి వేయకండి.